విద్యుత్తు పెడితే తొలగే తెర



ఈ కళాశాలలో ఈ ధర్మనిధి ఉపన్యాసానికి విషయాన్ని నా ఇష్టానికే వదిలేశారు. నాకు చదువు చెప్పిన మాస్టారు ఉద్యోగ జీవితమంతా కాంతిశాస్త్రం చెప్పినవారు కాబట్టి కాంతితో ముడిపడ్డ వస్తువునే ఎంచుకున్నాను. విద్యుత్తు పెట్టగానే పారదర్శకంగా మారే కిటికీ పొర, దానికి ఎలక్ట్రోడుగా గ్రాఫీన్ అనే కార్బన్ రేకు. ఆయన తరగతిలో ఎవరైనా “నిరోధం తక్కువ ఉంటుంది సార్” అంటే “ఎంత?” అని అడిగేవారు. “దేనితో పోలిస్తే?” అనేది ఆ వెంటే వచ్చే రెండో ప్రశ్న. ఆ రెండు ప్రశ్నలే పట్టుకుని ఇవాళ మాట్లాడతాను. ఎందుకంటే గ్రాఫీన్ చుట్టూ విశేషణాలు బాగా పేరుకుపోయాయి. ఉక్కు కంటే గట్టిదనీ, రాగిని మించిన వాహకమనీ, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచననీ రాస్తుంటారు. అవి అబద్ధాలేమీ కావు. కానీ కిటికీ చేయడానికి కూర్చున్నవాడికి ఆ విశేషణాలతో పని జరగదు.

ముందు వస్తువు ఏమిటో చూద్దాం. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో సమావేశ గదులకు గాజు గోడలుంటాయి. కొన్నిచోట్ల స్విచ్ కట్టేస్తే ఆ గోడ పాలలా తెల్లబడి లోపలివాళ్లు కనపడరు, స్విచ్ వేస్తే మామూలు గాజైపోతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహిస్తారు, కరెంటు పెడితే మసకేస్తుందనుకుంటారు. మామూలు రకంలో జరిగేది ఇందుకు విరుద్ధం. కరెంటు లేనప్పుడు తెర, ఉన్నప్పుడు కిటికీ. కరెంటు పోతే గదికి చాటు దానంతటదే వస్తుంది. గాజుకు అతికించుకునే ఫిల్ముగా కూడా ఇది మార్కెట్లో దొరుకుతోంది. రెండు ప్లాస్టిక్ పొరలు, వాటి లోపలి ముఖాల మీద పారదర్శక వాహక పూత, ఆ రెంటి మధ్య సుమారు 20 మైక్రాన్ల మందాన ద్రవస్ఫటిక బిందువులు నిండిన పాలిమర్. వస్తువంతా ఇంతే.

ద్రవస్ఫటికాల కథ ప్రేగ్ నగరంలో ఒక వృక్షశాస్త్రజ్ఞుడి దగ్గర మొదలైంది. ఫ్రీడ్రిష్ రైనిట్జర్ 1888లో కొలెస్టెరిల్ బెంజొయేట్ అనే పదార్థాన్ని వేడి చేస్తుంటే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉన్న ద్రవమైంది. ఇంకా వేడి చేస్తే 178.5 దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఒక పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలేమిటన్నది ఆయన సందేహం. పదార్థంలో మలినం ఉండి ఉంటుందని సరిపెట్టుకుని వదిలేయకుండా, వేడి చేస్తూ చూడగల ధ్రువణ సూక్ష్మదర్శిని ఉన్న ఓటో లేమన్‌కు ఉత్తరం రాసి నమూనాలు పంపాడు. ఆ మబ్బు ద్రవం ద్రవంలాగే ప్రవహిస్తోంది, కాంతి విషయంలో మాత్రం స్ఫటికంలా ప్రవర్తిస్తోంది. అణువులు పొడుగ్గా ఉండడం, అవి స్థానాలు మార్చుకుంటూ తిరుగుతున్నా ఒకే దిశకు మొగ్గి ఉండడం ఇందుకు కారణమని తర్వాత తేలింది.

ఈ శాస్త్రంలో మన దక్షిణాది వాటా చిన్నదేమీ కాదు. పొడుగాటి అణువులే ద్రవస్ఫటికాలవుతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1977లో బెంగళూరు రామన్ పరిశోధనాలయంలో ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ పళ్లెం ఆకారపు అణువులు కూడా అవుతాయని చూపించారు. ఆ వ్యాసం అచ్చయింది మన దేశపు పత్రిక ‘ప్రమాణ’లోనే. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్ని ఉటంకిస్తుంది. చంద్రశేఖర్ 1991లో బెంగళూరులోనే ద్రవస్ఫటికాలకు ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. పేరు మారి అదే ఇవాళ నానో, మృదు పదార్థాల కేంద్రంగా నడుస్తోంది. దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది. ఇటు గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలోనూ ఈ పదార్థాల మీద దశాబ్దాలపాటు పని జరిగింది. ఈ విషయం మన విద్యార్థుల్లోనే ఎందరికో తెలియదు.

ఇక పాలలా తెల్లబడడం ఎందుకు, తేటపడడం ఎందుకు? పకోడీలు కట్టిన కాగితం మీద నూనె మరక పడినచోట అవతలి వెలుగు కనిపిస్తుంది. కాగితం నారలకూ వాటి మధ్య గాలికీ వక్రీభవన గుణకంలో బాగా తేడా ఉంటుంది కాబట్టి కాంతి అడుగడుగునా చెదిరి కాగితం తెల్లగా ఉంటుంది. గాలి ఉన్నచోట నూనె చేరగానే ఆ తేడా తగ్గిపోతుంది, చెదరడమూ తగ్గుతుంది. మన పొరలో జరిగేదీ సరిగ్గా ఇదే. కాకపోతే ఇక్కడ నూనె పోయడం, తీయడం రెండూ స్విచ్చే చేస్తుంది.

అంకెల్లో చెప్పాలంటే, ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఇ7 అనే ద్రవస్ఫటిక మిశ్రమానికి అణువు పొడవు వెంట కాంతి కంపిస్తే వక్రీభవన గుణకం సుమారు 1.74, అడ్డంగా కంపిస్తే 1.52. దాన్ని చుట్టి ఉన్న పాలిమర్ గుణకం కూడా 1.52 దగ్గర ఉండేలా ఎంచుకుంటారు. విద్యుత్ క్షేత్రం లేనప్పుడు ఒక్కో బిందువులో అణువులు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. బిందువుకూ పాలిమర్‌కూ మధ్య తేడా మిగిలిపోతుంది, కాంతి చెదిరిపోతుంది. క్షేత్రం పెట్టగానే బిందువులన్నింట్లో అణువులు పొరకు నిలువుగా లేచి నిలబడతాయి. నేరుగా వచ్చే కాంతికి ఇప్పుడు అటూ ఇటూ 1.52 మాత్రమే ఎదురవుతుంది. బిందువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కాంతికి తెలియదు. అదే పొరను ఓరగా చూస్తే కొంచెం మసక మిగిలి ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఓరగా వచ్చే కాంతికి ఆ సమానత్వం పూర్తిగా దొరకదు.

బిందువుల సైజు కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా, ఒక మైక్రాన్ అటూ ఇటూగా ఉండాలి. ఆ బిందువులను ఎవరూ ఒక్కొక్కటిగా పేర్చరు. ద్రవస్ఫటికాన్నీ, గట్టిపడని పాలిమర్ ద్రవాన్నీ కలిపి రెండు పొరల మధ్య నింపి అతినీలలోహిత కాంతి వేస్తారు. పాలిమర్ గట్టిపడే కొద్దీ అందులో ఇమడలేక ద్రవస్ఫటికం బిందువులుగా విడిపోతుంది. దీపం తీవ్రత ఎక్కువైతే బిందువులు చిన్నవి, తక్కువైతే పెద్దవి. అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ ఒక పద్ధతిలో, ఒహాయో రాష్ట్రంలోని కెంట్‌లో జె.డబ్ల్యు. డోన్ బృందం ఇంకో పద్ధతిలో 1980లలో ఈ పొరలను తయారుచేశారు. ఈ విద్యకు అప్పుడే దాదాపు నలభై ఏళ్లు. పాతదే అన్నమాట. కొత్తగా వచ్చి చేరిన ప్రశ్న ఎలక్ట్రోడు గురించి.

ఎలక్ట్రోడు కాంతిని పోనివ్వాలి, విద్యుత్తునూ పోనివ్వాలి. ఈ రెండూ ఒకదానికొకటి పొసగని కోరికలు. లోహంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఎక్కువ కాబట్టే వాహకం, ఎక్కువ కాబట్టే కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది. ఇన్నాళ్లూ ఈ తగాదాను తీర్చింది ఇండియం టిన్ ఆక్సైడ్. మీ చేతిలో ఫోను తెర మీద ఉన్నదీ అదే. గాజు మీద వేడిగా పూత వేస్తే చదరానికి పది ఓముల దగ్గరి నిరోధం సాధించవచ్చు. చదరానికి అన్న మాట విద్యార్థులను కంగారు పెడుతుంది. పలచటి పొరను చదరంగా కత్తిరిస్తే, ఆ చదరం అంగుళమైనా గజమైనా ఎదురెదురు అంచుల మధ్య నిరోధం ఒక్కటే. పొడవు పెరిగినంతా వెడల్పూ పెరుగుతుంది కదా. అందుకే అలా చెబుతారు.

ఈ ఆక్సైడ్‌తో ఇబ్బందులు మూడు. ఇండియం ప్రత్యేకంగా గనిలో తవ్వే లోహం కాదు, జింకు శుద్ధిలో పక్క ఉత్పత్తిగా వచ్చేది. ఎక్కువ భాగం చైనా నుంచే వస్తుంది. రెండోది, ప్లాస్టిక్ మీద పూత వేయాలంటే వేడి పెట్టడానికి వీల్లేదు, పాలియెస్టర్ తట్టుకోదు. చల్లగా వేసిన పూత గాజు మీద వేసినంత మంచి వాహకం కాదు. మూడోది, అది పింగాణీ జాతి పదార్థం. రెండు మూడు శాతం సాగదీస్తే పగుళ్లు వస్తాయి.

గ్రాఫీన్ ఇక్కడ రంగంలోకి వస్తుంది. మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ గ్రాఫైట్ నుంచి అంటుకునే టేపుతో పొరలు ఊడదీస్తూ ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ రేకును వేరుచేసిన సంగతి 2004లో ప్రకటించారు. 2010లో నోబెల్ వచ్చింది. ఆ కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాటేస్తాను. నాకు అంతకంటే ఇష్టమైనది 2008లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన ఇంకో వ్యాసం. కేరళ నుంచి వెళ్లిన రాహుల్ నాయర్ అందులో మొదటి రచయిత. ఒక పొర గ్రాఫీన్ తన మీద పడ్డ తెల్లని కాంతిలో 2.3 శాతాన్ని పీల్చుకుంటుందని వాళ్లు కొలిచారు. రెండు పొరలైతే 4.6. ఈ 2.3 అనేది ఏ కార్బన్ గనిదో, ఏ తయారీ పద్ధతిదో అంటించుకున్న అంకె కాదు. ఎలక్ట్రాన్‌కూ కాంతికీ మధ్య బంధం ఎంత బలమైనదో చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం 1/137 చిల్లర. దాన్ని పై (π)తో గుణిస్తే 0.0229. పదార్థ లక్షణాలేవీ కలవకుండా ప్రకృతి స్థిరాంకాలతోనే ఒక వస్తువు పారదర్శకత తేలిపోవడం అరుదు. పైగా ఒకే ఒక పరమాణువు మందానికి 2.3 శాతమంటే తక్కువేమీ కాదు. కంటితో కూడా గుర్తుపట్టవచ్చు.

అదే ఏడాది పీటర్ బ్లేక్ మొదటి రచయితగా మాంచెస్టర్ వాళ్లే గ్రాఫీన్ రేకును ఎలక్ట్రోడుగా పెట్టి ద్రవస్ఫటిక ఘటం చేసి చూపించారు. టేపుతో ఊడదీసిన రేకు కాబట్టి అది సూక్ష్మదర్శినిలో చూడాల్సినంత చిన్నది. గ్రాఫీన్ ఉన్న మేర వోల్టేజి మారినప్పుడల్లా కాంతి మారింది. ఒక్క పరమాణువు మందం ఉన్న ఎలక్ట్రోడు చెప్పిన మాట ద్రవస్ఫటికాలు విన్నాయి. అంతవరకు రుజువైంది. అక్కడి నుంచి గజాల్లో కొలిచే పొరకు వెళ్లాలంటే టేపు పద్ధతి పనికిరాదు.

ఆ దారి రాగి రేకు మీదుగా పోయింది. 2009లో టెక్సస్‌లో రాడ్నీ రూఆఫ్ బృందం సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర రాగి మీదుగా మీథేన్, హైడ్రోజన్ పంపి పెద్ద పెద్ద గ్రాఫీన్ పొరలు పెంచింది. రాగిలో కార్బన్ దాదాపుగా కరగదు. కాబట్టి ఉపరితలం ఒకసారి కప్పుకుపోగానే పెరుగుదల దానంతటదే ఆగిపోయి, ఎక్కువ భాగం ఒకే పొర వస్తుంది. 2010లో దక్షిణ కొరియాలో సంగ్‌క్యున్‌క్వాన్ విశ్వవిద్యాలయం వాళ్లు రాగి రేకును గొట్టపు కొలిమిలో చుట్టపెట్టి 30 అంగుళాల గ్రాఫీన్ పెంచారు. రోలర్ల మధ్య పాలిమర్ పొరకు అతికించి, రాగిని రసాయనంతో కరిగించేసి, గ్రాఫీన్‌ను పాలియెస్టర్ మీదకు దించారు. ఒక పొరకు చదరానికి 125 ఓములు, పారదర్శకత 97.4 శాతం. నాలుగు పొరలు పేర్చి ఆమ్లంతో డోపింగ్ చేస్తే, అంటే కరెంటు మోసే ఆవేశాలను పెంచితే, 30 ఓములు, 90 శాతం.

మన ఖనిజాల గురించి తెలిసినవారు ఇక్కడ ఒక మాట అడుగుతారు. తూర్పు కనుమల్లో, ఖమ్మం ప్రాంతంలో గ్రాఫైట్ ఉంది కదా, అది ఈ పనికి రాదా అని. ఈ కిటికీకి రాదు. రాగి మీద పెరిగే గ్రాఫీన్‌కు ముడిసరుకు మీథేన్ వాయువు. గ్రాఫైట్‌ను విడదీసి చేసే గ్రాఫీన్ చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. సిరాలకూ పూతలకూ బాగుంటుంది గానీ, ముక్క నుంచి ముక్కకు దూకాల్సిన చోటల్లా నిరోధం పెరిగిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. కొరియా వాళ్ల అంకెలు మంచి రోజు వచ్చిన మంచి అంకెలు. డోపింగ్ లేని, సాధారణంగా దించిన ఒక పొర గ్రాఫీన్ చదరానికి కొన్ని వందల ఓములు చూపడం మామూలు. దించేటప్పుడు ముడతలు పడతాయి, చిరుగుతాయి, పాలిమర్ మురికి మిగిలిపోతుంది. డోపింగ్ చేసిన ప్రభావం రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది. గాజు మీద వేసిన ఇండియం పూత పది ఓములిస్తుంటే మూడు వందల ఓముల పదార్థాన్ని ఎవరు ముట్టుకుంటారు? సౌరఘటాల వాళ్లు, కాంతినిచ్చే డయోడ్ తెరల వాళ్లు సరిగ్గా ఇదే అడిగారు. వాళ్లు అడగడం న్యాయమే.

కానీ మన కిటికీ వేరు. అందులో ఎలక్ట్రోడు నుంచి ఎలక్ట్రోడుకు కరెంటు పారక్కర్లేదు. ద్రవస్ఫటికానికి కావలసింది క్షేత్రం. రెండు పలకలు, మధ్యలో విద్యుద్బంధకం, అది కెపాసిటర్. పొర మందం 20 మైక్రాన్లు, సాపేక్ష పర్మిటివిటీ ఎనిమిది అనుకుందాం. చదరపు మీటరు పొరకు కెపాసిటెన్స్ సుమారు 3.5 మైక్రోఫారడ్లు వస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాని ప్రతిరోధం దాదాపు 900 ఓములు. ఏకదిశా విద్యుత్తు ఎందుకు వాడరంటే, మిశ్రమంలో ఎంతోకొంత ఉండే అయాన్లు ఎలక్ట్రోడుల దగ్గర పోగుపడి క్షేత్రాన్ని కప్పేస్తాయి, పొరా పాడవుతుంది. అందుకే ఏకాంతర విద్యుత్తు. 60 వోల్టులు పెడితే చదరపు మీటరంతటినీ ఛార్జ్ చేస్తూ పోయే కరెంటు 67 మిల్లీ ఆంపియర్లు. దాని పక్కన మంచి సిలికాన్ సౌరఘటం పెట్టి చూడండి. నడినెత్తిన ఎండలో చదరపు మీటరు నుంచి 300 ఆంపియర్లకు పైగా పోగుచేయాలి. నాలుగు వేల రెట్లకు పైగా తేడా. ఒకచోట పనికిరాని ఎలక్ట్రోడు ఇంకోచోట హాయిగా పనికొచ్చేది ఈ తేడా వల్లనే.

హాయిగా అంటే ఎంత? మీటరు చదరం పొరకు ఒకే అంచు నుంచి రెండు ఎలక్ట్రోడులకూ కనెక్షన్ ఇచ్చామనుకోండి. అవతలి అంచుకు చేరేసరికి వోల్టేజి ఎంత పడిపోతుంది? ఒక్కో ఎలక్ట్రోడు చదరానికి 100 ఓములైతే తగ్గుదల అర శాతం కూడా లేదు. 300 ఓములైతే మూడు నాలుగు శాతం. కంటికి తెలియదు. 1000 ఓములైతే మాత్రం పాతిక శాతం పైగా పోతుంది, అవతలి అంచు మసకగా మిగిలిపోతుంది. అంటే గ్రాఫీన్ మీద పనిచేసే కుర్రాళ్లు పది ఓముల కోసం తపస్సు చేయనక్కర్లేదు. మూడు వందల దగ్గర నిలకడగా, చిరగకుండా, ఆరునెలల తర్వాత కూడా అంతే ఉండేలా చేస్తే ఈ కిటికీకి చాలు. కనెక్షన్ రెండు అంచుల నుంచీ ఇస్తే లెక్క ఇంకా తేలికపడుతుంది. ఛార్జ్ అవడానికి పట్టే కాలం కూడా మిల్లీ సెకను అటూ ఇటూగా ఉంటుంది. వోల్టేజి తీసేశాక బిందువుల్లో అణువులు పాత స్థితికి తిరిగి రావడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఎలక్ట్రోడు వల్ల ఆలస్యం జరిగిందనడానికి వీల్లేదు.

పొరలు పెంచి నిరోధం తగ్గించుకోవాలన్న ఆశకు ఖరీదుంది. ఒక్కో వైపు నాలుగు పొరలు పెడితే మొత్తం ఎనిమిది. 0.977ను ఎనిమిదిసార్లు గుణిస్తే 0.83. అవసరం లేని వాహకత కోసం వెలుగులో 17 శాతం వదులుకున్నట్టు. ఈ కిటికీకి ఒక పొర, మహా అయితే రెండు.

వంగడం సంగతికి వద్దాం. దీని గురించి రాసేవాళ్లు వంచి పట్టుకున్న పొర ఫొటో వేస్తారు గానీ ఎంత వంచారో చెప్పరు. వంచినప్పుడు పొర బయటి ముఖం ఎంత సాగుతుందో తెలియాలంటే మందంలో సగాన్ని వంపు వ్యాసార్ధంతో భాగిస్తే చాలు. 125 మైక్రాన్ల పాలియెస్టర్‌ను 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గొట్టానికి చుడితే సాగుదల 0.125 శాతం. ఇండియం పూతకు ఇది లెక్కలోది కాదు. ఫిల్ము చుట్టలు ఇవాళ లారీల్లో క్షేమంగా వస్తున్నది అందుకే. 5 మిల్లీమీటర్లకు వంచితే 1.25 శాతం, రెండున్నర మిల్లీమీటర్లకు వంచితే 2.5 శాతం. పగుళ్లు పుట్టే చోటు అది. పదే పదే వంచితే అంతకంటే ముందే చిన్న చిన్న పగుళ్లు మొదలవుతాయి.

రెండు పొరల మధ్యనున్న పాలిమర్ గట్టిదైతే మొత్తం ఒకే పలకలా వంగుతుంది. అప్పుడు ఎలక్ట్రోడులు సరిగ్గా నడిమధ్యకు దగ్గరగా, సాగుదల లేని చోట ఉంటాయి, ఇండియం కూడా బతికిపోతుంది. పాలిమర్ మెత్తనిదైతే రెండు ప్లాస్టిక్‌లూ ఒకదాని మీద ఒకటి జారుతూ దేనికది వంగుతాయి, ఎలక్ట్రోడు ఉన్న ముఖమే సాగుతుంది. మన మిశ్రమంలో సగం దాకా ద్రవస్ఫటికమే ఉంటుంది కాబట్టి అది మెత్తనిదే. గ్రాఫీన్ ఇక్కడ అక్కరకొస్తుంది. కొరియా ప్రయోగంలో గ్రాఫీన్ టచ్ ప్యానెల్ ఆరు శాతం సాగదీసినా పనిచేసింది. ఆ ఆరు దగ్గర ఆగడానికి కారణం కూడా గ్రాఫీన్ కాదు, అంచున కనెక్షన్ కోసం ముద్రించిన వెండి గీతలు.

కాబట్టి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. గోడలో బిగించిన చదును కిటికీకి గ్రాఫీన్ అవసరం ఇవాళ లేదు. ఉన్న పూత ఆ పని చేస్తోంది. చుట్టి పైకి లాగే తెరలు, వంపు తిరిగిన వాహనాల అద్దాలు, హెల్మెట్ ముందరి కవచాలు, మడిచి దాచుకునే గుడారాల కిటికీలు, ఇవీ గ్రాఫీన్ తన ఖరీదును నిలబెట్టుకోగల చోట్లు. పోటీ కూడా లేకపోలేదు. వెండి నానో తీగల పూతలున్నాయి. బెంగళూరులో జి.యు. కులకర్ణి బృందం ఎండిన పూతలో వచ్చే పగుళ్లనే అచ్చుగా వాడి, ఆ పగుళ్లలో లోహం నింపి, కంటికి కనపడనంత సన్నని లోహ జాలి ఎలక్ట్రోడులు చేసింది. ఇందాక చెప్పిన చంద్రశేఖర్ కేంద్రంలో ఈ జాలీలతో ఇలాంటి స్మార్ట్ కిటికీల మీద పని జరిగింది. ఖరీదు దగ్గర ఆ జాలి గ్రాఫీన్‌ను ఓడించినా నాకు ఆశ్చర్యం ఉండదు. రాగి రేకును వెయ్యి డిగ్రీలకు వేడి చేసి, చివరకు దాన్ని కరిగించి పారబోయడం చవక వ్యవహారం కాదు. రాగిని కరిగించకుండా బుడగలతో గ్రాఫీన్‌ను లేపి, అదే రేకును మళ్లీ వాడే పద్ధతులు వచ్చాయి. అవి నిలబడితే లెక్క మారవచ్చు.

మన ఎండల గురించి చెప్పకపోతే ఈ ఊళ్లో ఈ ఉపన్యాసం పూర్తికాదు. స్మార్ట్ కిటికీ అనగానే ఏసీ బిల్లు తగ్గుతుందని అంటుంటారు. ఈ రకం కిటికీ గురించి ఆ మాట నేను అనలేను. చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం ముందుకే, అంటే గదిలోకే వస్తుంది. తెల్లబడిన పొర చూపును ఆపుతుంది, వేడిని పెద్దగా ఆపదు. సూర్యరశ్మి శక్తిలో సుమారు సగం కంటికి కనపడని పరారుణంలో ఉంటుంది. గ్రాఫీన్ పీల్చుకునే 2.3 శాతం కంటికి కనిపించే కాంతిలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న పరారుణంలోనూ దాదాపు ఒకటే. అంటే ఎలక్ట్రోడు కూడా వేడికి అడ్డు చెప్పదు. వేడి ఆపాలంటే పరారుణాన్ని తిప్పికొట్టే ఇంకో పొర వేరుగా కావాలి. లేదా వేరే జాతి కిటికీ కావాలి. స్వీడన్‌లో గ్రాన్‌క్విస్ట్ 1980ల నుంచి పనిచేసిన టంగ్‌స్టన్ ఆక్సైడ్ కిటికీలు నీలంగా మారి కాంతిని పీల్చుకుంటాయి. అవి నెమ్మదిగా మారతాయి, మారేటప్పుడు కరెంటు నిజంగానే పారాలి. అక్కడ ఎలక్ట్రోడు నిరోధం మళ్లీ ముందుకొస్తుంది.

ఇంకో సంగతి ఉష్ణోగ్రత. ఇ7 మిశ్రమం 60 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ద్రవస్ఫటిక స్థితి కోల్పోయి మామూలు ద్రవమైపోతుంది. అణువులకు దిశ ఉండదు, ఇక క్షేత్రం చెప్పినా వినేవాళ్లుండరు. ఆ ద్రవం వక్రీభవన గుణకం పాలిమర్‌తో సరిపోలదు కూడా, స్విచ్ వేసినా కట్టేసినా మసక అలాగే ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో నీడలోనే 45 దాటుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం వింత కాదు. వాహనాలకు ఈ పొర వేయాలనుకునేవారు ఎలక్ట్రోడు కంటే ముందు ఇంకా ఎక్కువ వేడికి నిలిచే మిశ్రమాన్ని చూసుకోవాలి. అలాంటివి ఉన్నాయి, ఖరీదెక్కువ. దిశ కోల్పోయే ఉష్ణోగ్రత పెంచితే చాలా మిశ్రమాల్లో చిక్కదనం కూడా పెరుగుతుంది, స్పందన మందగిస్తుంది.

వేదిక ముందున్న విద్యార్థులకు చివరగా ఒక పని సూచిస్తాను. ఈ రంగంలో వ్యాసాలు ఎక్కువగా పొర మధ్యభాగం గురించే. బిందువుల సైజు, పారదర్శకత, వోల్టేజి. పొరలు నిజంగా చెడిపోవడం మాత్రం ఎక్కువగా అంచుల్లో మొదలవుతుంది. అక్కడే గ్రాఫీన్‌కు రాగి టేపునో వెండి పేస్టునో అంటించి కనెక్షన్ తీస్తారు. ఒక పరమాణువు మందం ఉన్న పొర మీద పేస్టు ఎండుతూ కుంచించుకుపోతే పొర చిరుగుతుంది. అంచు నుంచే తేమ లోపలికి చేరుతుంది, కోస్తాలో ఆగస్టు నెలలో మరీను. తేమతో అయాన్లు పెరిగి, అంచు చుట్టూ మసక గీత ఏర్పడి ఏడాదికేడాది లోపలికి జరుగుతుంది. దీన్ని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. అరచేతంత పొరలు, ఒక అతినీలలోహిత దీపం, ట్రాన్స్‌ఫార్మర్, వెలుగు కొలిచే ఒక ఫొటోడయోడు, తేమ నిలిపి ఉంచే ఒక పెట్టె ఉంటే చాలు. పేస్టు మార్చి మార్చి, అంచు మూసే జిగురు మార్చి మార్చి, వారానికోసారి మధ్యలోనూ అంచు నుంచి ప్రతి మిల్లీమీటరు దగ్గరా పారదర్శకత కొలవాలి. గ్రాఫీన్ దొరకకపోతే ఇండియం పూత వేసిన ప్లాస్టిక్‌తోనే మొదలుపెట్టండి, అంచుల కష్టం రెంటికీ ఒకలాంటిదే. మొదటి వర్షాకాలం దాటాక ఏ అంచు ఎన్ని మిల్లీమీటర్లు మసకబారిందో పట్టిక వేసి తెస్తే, దాని ముందు కూర్చోవడానికి నేను మళ్లీ ఈ కళాశాలకు వస్తాను.